తన తప్పు తాను చెప్పుకొను దీపము

మోటారు బండి తాళపుచెవి త్రిప్పినంతనే డ్రైవరు ఎదుటనున్న పలకపై కొన్ని చిన్న దీపములు ఒక్కమారుగా వెలుగును. కొద్ది సెకనులలో అవి ఒక్కొక్కటే ఆరిపోవును. బండి నడుపువారు దీనిని గమనించిన గమనింతురు, లేకున్న లేదు. అయితే ఒకనాడు వానిలో ఒక పసుపుపచ్చ దీపము ఆరక నిలిచిపోవును. దానిమీద ఏబీఎస్ అను మూడక్షరములుండును. బండి ఎప్పటివలెనే నడచును; బ్రేకు త్రొక్కిన ఎప్పటివలెనే ఆగును; దీపము మాత్రము ఆరదు. యజమాని మెకానిక్కు నడుగును. ఒకడు, "బండి ఆగుచున్నది గదా, దీపముతో మీకేమి పని?" అనును. మరియొకడు పలక విప్పి బల్బు ఊడదీసి, "ఇక బాధ లేదు" అని చేయి చాచును.

ఆ చిన్న దీపము వెనుక అర్ధశతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. చక్రము బిగుసుకొనకుండ కాపాడు బ్రేకును కనుగొనుట ఒక యెత్తు. అది చెడిపోయినపుడు ఆ సంగతిని తానే చెప్పునట్లు చేయుట మరియొక యెత్తు. మొదటి దానికంటె రెండవదియే కష్టమైనదనియు, రెండవది సాధింపబడిన పిమ్మటనే మొదటిది లోకమునకు నిజముగా ఉపకరించినదనియు చూపుటయే మా ఉద్దేశము. ఈ కథలో విమానములు కలవు, న్యాయస్థానము కలదు, కొండదారులలో బురద త్రొక్కిన పాత జీపులును కలవు.

ముందుగా చక్రము బిగుసుకొనుట యన నేమో చూతము. దొర్లుచున్న చక్రము నేలను పట్టుకొనును. బిగుసుకొన్న చక్రము నేలపై జారును. తడిసిన తారురోడ్డుపై గట్టిగా బ్రేకు త్రొక్కినపుడు ముందు చక్రములు బిగుసుకొన్నచో, స్టీరింగు నెటు త్రిప్పినను బండి తిన్నగా పోయి ఎదుటనున్న దానిని ఢీకొనును. వెనుక చక్రములు బిగుసుకొన్నచో బండి గిరగిర తిరుగును. పూర్వపు నేర్పరులైన డ్రైవర్లు ఇట్టి సమయమున బ్రేకును త్రొక్కి వదలి, మరల త్రొక్కి వదలి బండిని నిలుపుచుండిరి. అయితే ప్రాణభయము కలిగిన క్షణమున ఎంతమందికి ఆ నిగ్రహముండును? కాలు పెడలుమీద పడి అక్కడనే బిగుసుకొనిపోవును. మనుష్యుడు మరచిపోవు ఈ పనిని యంత్రమునకు నేర్పవలెనను తలంపు ఇట్లు పుట్టినది.

జర్మనీ దేశమునందలి బాష్ సంస్థ 1936లోనే మోటారు బండి చక్రములు బిగుసుకొనకుండ చేయు సాధనమునకు పేటెంటు పొందినది. అయితే కాగితముమీది ఊహ బండిలోనికి దిగుటకు ఇంకను నలువది రెండేండ్లు పట్టినది. ఈలోగా ఆ అవసరము కారులకంటె ముందుగా విమానములకు కలిగినది. వేగముగా దిగు విమానమున పైలటు బ్రేకు వేయగానే చక్రము బిగుసుకొనుట, టైరు ఒకేచోట అరిగి పగిలిపోవుట తరచుగా జరుగుచుండెను. ఎంత గట్టిగా బ్రేకు వేయవచ్చునో తెలిసికొను మార్గము పైలటుకు లేకుండెను.

ఇంగ్లండులోని డన్‌లప్ సంస్థవారు 1950 తరువాతి సంవత్సరములలో మాక్సరెట్ అను యంత్రమును తయారుచేసి ఈ చిక్కును తీర్చిరి. అందులో విద్యుత్తు లేదు, కంప్యూటరు లేదు. చక్రముతోపాటు తిరుగు ఒక చిన్న బరువైన బిళ్ళ ఉండును. చక్రము క్రమముగా నిదానించినంతవరకు బిళ్ళయు దానితో కలిసి నిదానించును. చక్రము హఠాత్తుగా బిగుసుకొనబోయినచో, బరువు వలన బిళ్ళ వెంటనే ఆగలేక ముందునకు తిరిగి ఒక కవాటమును తెరచును. బ్రేకులోని ఒత్తిడి సడలును, చక్రము మరల దొర్లును, కవాటము మూసికొనును. పరుగెత్తు మనిషి హఠాత్తుగా ఆగినపుడు చేతిలోని కుండలోని నీరు ముందునకు తొణకుట మన మెరుగుదుము. మాక్సరెట్ ఆ తొణుకునే పనికి నియోగించినది. పైలటు నిర్భయముగా బ్రేకును పూర్తిగా వేయుటకు దానివలన వీలైనది.

ఈ యంత్రమును నేలమీది బండ్లకు అమర్చు ప్రయత్నములును వెంటనే మొదలైనవి. 1958లో బ్రిటనులోని రోడ్డు పరిశోధనాలయమువారు రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మెటియర్ అను మోటారు సైకిలుకు మాక్సరెట్‌ను బిగించి పరీక్షించిరి. తడి నేలమీద అది మేలు చేసినదని తేలినను, ఆ బండి అమ్మకమునకు రాలేదు. 1966లో ఇంగ్లండులోని జెన్సెన్ సంస్థ ఎఫ్‌ఎఫ్ అను కారును విడుదల చేసినది. నాలుగు చక్రములకును ఇంజను శక్తి అందుట, చక్రములు బిగుసుకొనకుండ కాపాడు బ్రేకు ఉండుట అను రెండు లక్షణములును కలిసి, అమ్మకమునకు తయారైన మొదటి కారు అదియే. అందులో ప్రతి చక్రమునకు వేరువేరు యంత్రములు లేవు. చక్రములకు శక్తిని చేరవేయు ఇరుసుల వేగమును ఒకే మాక్సరెట్ కనిపెట్టుచుండెను. 1971 వరకు తయారైన ఆ కార్లు 320 మాత్రమే. వెల అధికము, కొనువారు తక్కువ. ఇదిగాక మరియొక లోపము కలదు. తన లోపల ఏది అరిగినను, ఏది చిక్కుకొన్నను మాక్సరెట్ తనను తాను పరీక్షించుకొనలేదు. అది మంచి సేవకుడే గాని మూగ సేవకుడు.

ఇంతలో అమెరికాలో విద్యుత్ సాధనములతో పనిచేయు బ్రేకులు వచ్చినవి. 1969లో ఫోర్డు సంస్థ వెనుక చక్రములకు మాత్రమే పనిచేయు ఏర్పాటును, 1971లో క్రైస్లర్ సంస్థ ఇంపీరియల్ అను కారులో నాలుగు చక్రములకును పనిచేయు ఏర్పాటును ప్రవేశపెట్టినవి. ఇట్టి సాధనమున్నచో దానిని పెద్ద లారీలకు ఏల తప్పనిసరి చేయరాదని అక్కడి ప్రభుత్వము తలంచినది. వెనుక ట్రెయిలరు తగిలించుకొన్న లారీ చక్రములు బిగుసుకొన్నచో ఆ ట్రెయిలరు కత్తి మడతవలె ముడుచుకొని రోడ్డు నంతయు ఊడ్చివేయును. కనుక వారి ఉద్దేశము మంచిదే. 1975లో ఆ నిబంధన అమలులోనికి వచ్చినది.

అయితే సాధనము ఇంకను పండలేదు. రోడ్డుమీది దుమ్ము, నీరు, కుదుపులకు ఆ విద్యుత్ పరికరములు తాళలేక చెడిపోవుచుండెను. అవసరమైనపుడు బ్రేకు పడకపోవుట సంభవించెను. లారీలు తయారుచేయువారు న్యాయస్థానమునకు ఎక్కిరి. 1978లో సమాఖ్య అప్పీలు న్యాయస్థానము ఆ నిబంధనలోని ముఖ్యభాగమును కొట్టివేసినది. రక్షణ కొరకు పెట్టిన సాధనము నమ్మదగినది కానిచో, అది లేకుండుటకంటె ఉండుటయే అపాయకరము కావచ్చునన్నది ఆ తీర్పు సారాంశము. పిమ్మట పలువురు యజమానులు తమ లారీలలోని ఆ పరికరముల తీగలను ఊడదీయించిరి. రక్షకుడే శత్రువను నింద ఆనాడు ఆ బ్రేకుమీద పడినది. నేడు పసుపు దీపమును చూచి చిరాకుపడి బల్బు ఊడదీయు మెకానిక్కు, తెలియకయే ఆ లారీ యజమానుల మార్గమున నడచుచున్నాడు.

కాలము చేయు చిత్రము చూడుడు. అదే 1978లో, ఆగస్టు మాసమున, జర్మనీలో మెర్సిడెస్ సంస్థయు బాష్ సంస్థయు కలిసి ఒక క్రొత్త బ్రేకును లోకమునకు చూపినవి. ఏబీఎస్ అను పేరు దానితోనే ప్రసిద్ధికెక్కినది. అంతకు పూర్వము చేసిన నమూనాలో సుమారు 1000 విడిభాగములుండగా, అంకెలతో లెక్కకట్టు క్రొత్త విద్యుత్ చిప్పుల సాయమున వానిని 140కి తగ్గించిరి. భాగములు తగ్గినకొలది చెడిపోవు అవకాశములును తగ్గినవి. అంతకంటె ముఖ్యమైన గుణము మరియొకటి కలదు. ఈ యంత్రము తన్ను తాను పరీక్షించుకొనగలదు. తాళపుచెవి త్రిప్పినంతనే అది తన తీగలను, కవాటములను తడవి చూచుకొనును. చక్రములు కదలగానే వాని వేగములను పోల్చిచూచును. ఏ ఒక్కటి పొసగకపోయినను అది తనంతట తాను ప్రక్కకు తొలగి, పాత పద్ధతి బ్రేకును దాని దారిన వదలి, పసుపు దీపము వెలిగించును. "నేడు నేను మీకు తోడుపడలేను, మామూలు బ్రేకుతో జాగ్రత్తగా నడపుడు" అని దాని భావము.

1975 నాటి బ్రేకునకును 1978 నాటి బ్రేకునకును గల అంతరములో ఈ గుణమే ప్రధానమని మా అభిప్రాయము. తన తప్పును దాచు సేవకునికంటె ఒప్పుకొను సేవకుని మన మెక్కువగా నమ్ముదుము. అమెరికా ప్రభుత్వము సైతము ఈ పాఠము నేర్చుకొన్నది. 1995లో పెద్ద లారీలకు ఈ బ్రేకును మరల విధించునపుడు, చెడినచో తెలుపు హెచ్చరిక దీపమునుగూడ నిబంధనలో చేర్చినది. 1998 మొదలు తయారైన ట్రెయిలర్లకు వెలుపలివైపున పసుపు దీపము తప్పనిసరియైనది. ఐరోపా నిబంధనలు మరియొక జాగ్రత్తను గూడ తీసికొనినవి: వెలుపలి విద్యుత్ క్షేత్రములు, అయస్కాంత క్షేత్రములు ఈ బ్రేకుల పనికి భంగము కలిగింపరాదు. మెరుపు మెరసినపుడు రేడియోలో వినవచ్చు గరగర శబ్దమును ఎరిగిన గృహస్థులకు ఈ నియమము ఏల అవసరమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక జీపుల సంగతి. బురద, బండ, వాగు అనక తిరుగు బండ్లకు ఈ బ్రేకును అమర్చుట తేలిక కాలేదు. గులకరాళ్ళమీద, వదులు మట్టిమీద బిగుసుకొన్న చక్రము తన ముందు మట్టిని కుప్పగా పోగుచేసికొని త్వరగా ఆగును. ఏబీఎస్ ఆ కుప్పను చేరనీయదు గనుక అట్టిచోట బండి ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. కొండదారుల డ్రైవర్లు చేయు ఫిర్యాదు ఇదియే, అది నిజమైనదే. మరియొక చిక్కు యేమన, బురదనుండి బయటపడుటకు మధ్య డిఫరెన్షియల్‌ను బిగించినపుడు ముందు, వెనుక ఇరుసులు ఒకదానికొకటి ముడిపడును. ఏ చక్రము తన వేగమున తాను తిరుగుచున్నదో లెక్కకట్టుట కష్టమగును. ఈ చిక్కులన్నిటిని దాటి, 1970లో పుట్టిన రేంజ్ రోవర్ బండికి 1989లో ఏబీఎస్ అమర్చిరి. అట్టి బండ్లలో అది మొదటిదని ప్రతీతి.

ఆ కాలపు బండ్లు ఇప్పుడు ముప్పది ఏండ్లు దాటిన ముదుసలులు. వానిలో పసుపు దీపము వెలుగుట సాధారణమైపోయినది. కారణము తెలియవలెనన్న చక్రము వద్దకు పోయి చూడవలెను. ప్రతి చక్రముతోపాటు ఒక పండ్ల వలయము తిరుగుచుండును. దాని ప్రక్కన వెండ్రుకవాసి ఎడముతో ఒక సెన్సారు ఉండును. అందులో అయస్కాంతము, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్ట ఉండును. ఒక్కొక్క పన్ను ఎదుటినుండి పోయినపుడెల్ల తీగలో చిన్న విద్యుత్ తరంగము పుట్టును. చక్రము వేగముగా తిరిగినచో తరంగములు దట్టముగ వచ్చును. కంప్యూటరు వానిని లెక్కించి చక్రవేగమును గ్రహించును. బండి నిలిచియున్నపుడు తరంగమే పుట్టదు. అందుచేతనే ఆ పాత బండ్లు కొన్నింటిలో దీపము తాళపుచెవి త్రిప్పగానే ఆరక, బండి మనిషి నడకను మించిన వేగమునకు వచ్చిన పిమ్మటనే ఆరును. ఇది తెలియనివారు బండి నిలిచియుండగనే దీపమును చూచి దిగులుపడుదురు.

దీపము వెలిగినపుడు వరుసగా చూడవలసిన సంగతులను చెప్పెదము. మొదటిది, దాని ప్రక్కన ఎఱ్ఱదీపముకూడ వెలుగుచున్నదా? వెలిగినచో అది మామూలు బ్రేకునకే వచ్చిన ఆపద. బండిని వెంటనే ఆపవలెను. పసుపు ఒక్కటే అయినచో మెల్లగా ఇల్లు చేరవచ్చును. రెండవది, మధ్య డిఫరెన్షియల్ బిగించియున్నదా? 1990 దశకపు కొన్ని టయోటా లాండ్ క్రూయిజర్లలో దానిని బిగించినంతనే ఏబీఎస్ తనంతట తాను తప్పుకొని దీపము వెలిగించును. అది రోగము కాదు. మూడవది, నాలుగు టైర్లును ఒకే కొలతవియేనా? ఒకటి చిన్నదైనచో అది మిగిలినవానికంటె వేగముగా తిరిగి కంప్యూటరును భ్రమింపజేయును. నాలుగవది, బ్యాటరీ బలముగా నున్నదా, ఫ్యూజులు బాగున్నవా?

ఇవన్నియు సరిగానున్నచో ఆ దీపమునే అడుగవలెను. పాత బండ్లు కొన్నింటిలో నిర్ణీతమైన రెండు తీగకొనలను కలిపినచో ఆ దీపము ఆగి ఆగి మిణుకును. ఆ మిణుకులను లెక్కించి పుస్తకములో చూచినచో ఏ చక్రపు సెన్సారు చెడినదో తెలియును. తంతి కార్యాలయములలో కట్టు, కడ శబ్దములను విని వార్త వ్రాసికొనిన రోజులను ఇది జ్ఞప్తికి తెచ్చును. సెన్సారు తెలిసిన పిమ్మట, నాలుగింటి నిరోధమును మల్టీమీటరుతో కొలిచి పోల్చవలెను. మూడు ఒకరీతిగా నుండి నాలుగవది మిక్కిలి భేదించినచో దోషము దానిదే. అన్నియు సమముగా నున్నచో పండ్ల వలయమునకు బురద, ఇనుపపొడి అంటుకొనెనా, సెన్సారు స్థానమునుండి జరిగెనా చూడవలెను. పాత రేంజ్ రోవర్‌లో సెన్సారు ఒక బిగుతైన తొడుగులో నిలిచియుండును. చక్రపు బేరింగు వదులైనచో తిరుగు వలయము దానిని వెనుకకు నెట్టివేయును. చేతితో మెల్లగా లోనికి నెట్టినచో దీపము ఆరును. అయితే బేరింగును బిగింపక సెన్సారును మాత్రము నెట్టినవారికి ఆ దీపము కొద్ది దినములలోనే మరల కనబడును. అపుడు దీపము చెప్పినది బ్రేకు సంగతి మాత్రమే కాదు, ఊడిపోనున్న బేరింగు సంగతికూడ.

దీపము చెప్పిన మాటను సరిగా వినకపోవుట ఎంత వ్యయమునకు దారితీయునో లాండ్ రోవర్ డిస్కవరీ రెండవ తరపు బండ్లు చూపినవి. అవి 1998 మొదలు 2004 వరకు తయారైనవి. చక్రము వృథాగా తిరుగకుండ ఆపు ఏర్పాటు, 1997లో ఫ్రీలాండర్ బండితో వచ్చిన పల్లము దిగునప్పటి వేగనియంత్రణ, ఏబీఎస్, ఈ మూడును వానిలో ఒకే యంత్రముమీద ఆధారపడియుండెను. కనుక అందులో ఒక్క లోపము కలిగినచో మూడు దీపములును ఒక్కమారుగా వెలుగును. యజమానులు వానికి "ముగ్గురు మిత్రులు" అని హాస్యముగా పేరుపెట్టిరి. కొందరు బ్రేకు ఒత్తిడిని పంచిపెట్టు పెద్ద యంత్రమునే మార్పించి గొప్ప ధనము వ్యయపరచిరి. తరచుగా దోషము దానికి తగిలించియుండు ఒక చిన్న స్విచ్చులోనో, ఆ స్విచ్చునుండి కంప్యూటరునకు పోవు తీగ ఆ యంత్రము లోపల తెగుటలోనో ఉండెను. ఓపికగల మెకానిక్కులు ఆ స్విచ్చును మార్చియో, తెగిన దారిని విడిచి వెలుపలినుండి క్రొత్త తీగను నడిపించియో అల్పవ్యయముతో ముగ్గురు మిత్రులను సాగనంపిరి. దీపము "లోపమున్నది" అని చెప్పును. ఎక్కడనున్నదో వెదకుట మనుష్యుని వంతు.

ఒక్క హెచ్చరిక. ఆ కాలపు రేంజ్ రోవర్ వంటి బండ్లలో విద్యుత్ పంపు బ్రేకు నూనెను మిక్కిలి ఒత్తిడితో నిలువజేయును. ఇంజను ఆపినను ఆ ఒత్తిడి నిలిచియుండును. తాళపుచెవి తీసి, పెడలు గట్టిపడువరకు పలుమార్లు త్రొక్కి ఒత్తిడిని విడిపింపక గొట్టము విప్పరాదు. సెన్సారును తుడుచుట గృహస్థు చేయదగిన పని. గొట్టము విప్పుట తెలిసినవారు చేయవలసిన పని.

యంత్రము నిజము చెప్పినంత మాత్రమున మనుష్యుడు బాగుపడునా? 1980 దశకమున మ్యూనిక్ నగరమున కొన్ని టాక్సీలకు ఏబీఎస్ అమర్చి, కొన్నింటిని అమర్పక, డ్రైవర్ల నడవడిని పరిశీలించిరి. ప్రమాదముల సంఖ్యలో రెండు జట్లకు చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఏబీఎస్ గలవారు దానిని నమ్మి మరింత దుడుకుగా నడిపిరి. యంత్రము ఇచ్చిన రక్షణను మనుష్యుడు వేగముగా మార్చుకొని ఖర్చుచేసినాడన్నమాట. ఇక ఆ రక్షణ పోయినను ఉన్నదనుకొని నడుపువాని గతి యేమి? బల్బు తీసిన బండిని కొనినవాడు అట్టివాడే. వానకాలమున మలుపు వద్ద బ్రేకు త్రొక్కిన క్షణమున గాని అతనికి నిజము తెలియదు.

మన దేశమున 2018 ఏప్రిల్ నుండి క్రొత్త నమూనా కార్లకును, 2019 ఏప్రిల్ నుండి తయారగు కార్లన్నింటికిని ఏబీఎస్ తప్పనిసరియైనది. 125 సీసీకి మించిన మోటారు సైకిళ్ళకును అదే కాలమున విధించిరి. ఒకనాడు విమానములకు మాత్రమే దక్కిన ఏర్పాటు నేడు మన వీధులలోనికి వచ్చినది. దానితోపాటు ఆ దీపమును వచ్చినది. కనుక పాత బండి కొనబోవువారికి మేము చెప్పదగిన మాట ఒక్కటి కలదు. తాళపుచెవి త్రిప్పినపుడు ఏబీఎస్ దీపము వెలుగుచున్నదో లేదో చూడుడు. వెలిగి ఆరినచో సంతోషింపుడు. వెలిగి ఆరనిచో వెల తగ్గించి అడుగుడు, మరమ్మతు చేయించుకొనవచ్చును. అసలు వెలుగనే వెలుగనిచో, ఆ బండి అమ్మువానిని రెండవమారు పరికించి చూడుడు. నలువది యేండ్లు శ్రమించి మనుష్యుడు ఒక యంత్రమునకు తప్పు నొప్పుకొనుట నేర్పినాడు. ఆ నోరు మూయుటకు ఒక నిమిషము చాలును.